లిస్ప్‌ను సి లోకి దింపిన వానాకాలం

మా అక్క నర్సు. భోపాల్‌పట్నం నుంచి అడవి వైపు లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో, ఆరోగ్య ఉపకేంద్రంలో ఆమె డ్యూటీ. మధ్యలో ఒక వాగు అడ్డం వస్తుంది. దాని మీద పెద్ద వంతెన లేదు. నేలకు ఆనుకుని వేసిన సిమెంటు దారి ఉంది, ఇక్కడ అందరూ దాన్ని రపటా అంటారు. నీళ్లు తక్కువుంటే కింది తూముల్లోంచి పోతాయి. ఎక్కువైతే రపటా మీది నుంచే పోతాయి. అప్పుడు ఇవతలివాళ్లు ఇవతలే, అవతలివాళ్లు అవతలే.

ఆ వాగును తెచ్చేది మా దగ్గర పడే వాన కాదు. పైన గుట్టల్లో పడే వాన. ఇక్కడ ఎండ కాస్తుంటుంది, రపటా పొడిగా, తెల్లగా ఉంటుంది, ఉన్నట్టుండి ఎర్రనీళ్లు వచ్చేస్తాయి. ఒక ఏడు ఆషాఢంలో అక్క టీకాల డబ్బా స్కూటీ ముందు పెట్టుకుని రపటా సగం దాటేసరికి అలాగే వచ్చాయి. ఆమె బండి వదిలేసింది. డబ్బా భుజానికి తగిలించుకుని, అంచున పాతిన గుర్తురాళ్లు ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుంటూ అవతలి ఒడ్డు చేరింది. బండి కొట్టుకుపోయింది. నీళ్లు తీశాక ఇంటికొచ్చి, బట్టలు మార్చుకుని, చాయ్ తాగుతూ నాతో అన్నది.

"చప్పుడు గూడ రాలేదే. కాళ్లకు చల్లగ తగిలింది, ఏందని చూస్తే నీళ్లు."

నేను ఆమె చెల్లెలిని. భోపాల్‌పట్నంలో ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. నాది ప్రోగ్రాములు రాసే పని. వరంగల్‌లో చదివి, హైదరాబాదులో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, ఇంటి నుంచి చేసుకునే పని దొరికాక వెనక్కి వచ్చేశాను. అక్క చాయ్ గ్లాసు కింద పెట్టేలోపే నా బుర్రలో ఈ వాగు కోసం ఒక ప్రోగ్రాము మొదలైంది.

అనుకున్నది చిన్న పనే. వాగుకు పైన రెండు పాయలున్నాయి. వాటిలో పైపాయ గుట్టలు దిగే చోట ఒక ఊరుంది. అక్కడ నీటి ఎత్తు కొలిచే పరికరం ఒకటి పెట్టాలి. ఆ అంకెను దూరం పంపే చిన్న రేడియో ఒకటి. కింద రపటా పక్కనే ఉన్న అక్క ఉపకేంద్రం వసారాలో ఒక ఎర్రబల్బు. ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకూడదు, వాన పడితే మొదట పోయేది అదే. కానీ పైన నీళ్లు పెరిగినప్పుడల్లా బల్బు వెలిగితే లాభం లేదు. చాలాసార్లు పైన పెరిగిన నీళ్లు కిందికి వచ్చేలోపే పలచబడిపోతాయి. ఊరికే వెలిగే బల్బును కొన్నాళ్లకు ఎవరూ పట్టించుకోరు. ఎంత వేగంగా పెరిగింది, నేల ముందే తడిసి ఉందా, రెండో పాయ కూడా కదిలిందా, ఇవన్నీ చూసి వెలగాలి.

ఆ లెక్కను నేను లిస్ప్ అనే భాషలో రాశాను. కాలేజీలో మాకు ఒక మేడమ్ ఎంతో ఇష్టంగా చెప్పిన భాష అది. చూడడానికి అంతా బ్రాకెట్లే. ఒక బ్రాకెట్‌లో ముందు చేయాల్సిన పని, దాని వెనక ఆ పనికి కావలసినవి. ఆ కావలసినవాటిలో ఏదైనా మళ్లీ ఒక బ్రాకెట్ కావచ్చు. ప్రోగ్రామూ ఇలాగే ఉంటుంది, ప్రోగ్రాము చేతిలో పట్టుకునే సమాచారమూ ఇలాగే ఉంటుంది. అందుకే లిస్ప్‌లో ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును తీసుకుని విప్పి చూడగలదు, మార్చి రాయగలదు. నియమాలు తరచూ మారే పనికి అంతకంటే అనువైనది నాకు తెలియదు. మా నియమాలు రోజూ మారేవి. అన్నం తినేటప్పుడు అక్క ఏదో ఒకటి చెప్పేది.

"తెల్లార్లూ సన్నగ పడ్డ వాన వేరే, పొద్దుగాల ఒక్కసారి దంచిన వాన వేరే. రెండోదే వాగు తెస్తది."

చెయ్యి కడుక్కుని ఆ మాటను ఒక నియమంగా రాసి చేర్చేదాన్ని.

లెక్క సరిచూడడానికి నిజమైన నీటి ఎత్తులు కావాలి. పై ఊళ్లో ఆరోగ్యం పనులు చూసే ఒకామె ఉంది. ఇక్కడ అలాంటివాళ్లను మితానిన్ అంటారు. ఆమెది దోర్లి మాట, తెలుగుకు దగ్గరగానే ఉంటుంది కాబట్టి నాకు చాలావరకు తెలుస్తుంది. అక్క అడిగితే ఆమె తన ఇంటి వెనక పాయలో గీతలు పెట్టిన ఒక కర్ర పాతించి, ఒక వానాకాలమంతా దాన్ని ఫోటోలు తీసింది. సిగ్నల్ దొరికిన రోజున అన్నీ కలిపి అక్కకు పంపేది. రపటా ఎప్పుడెప్పుడు మునిగిందో అక్క రాసిపెట్టేది. ఆ ఫోటోల్లో కనిపించిన ఎత్తులతో లాప్‌టాప్‌లో లెక్క బాగానే కుదిరింది. అయితే లాప్‌టాప్‌ను తీసుకుపోయి వాగు ఒడ్డున పెట్టలేం.

బచేలీలో ఒక సార్ ఉన్నారు. శ్రీకాకుళం వైపు నుంచి ఇనుప గనుల్లో పనికి వచ్చి, ఖనిజం మోసే బెల్టులకు సంబంధించిన ఎలక్ట్రానిక్స్ చూసి, రిటైరయ్యాక అక్కడే ఉండిపోయారు. అక్క మొదట్లో బచేలీలో పనిచేసినప్పుడు వాళ్లింట్లోనే అద్దెకుంది. ఆయన ఇంటి ముందుగదిలో రిపేరు పని చేస్తారు. పాత మీటర్లు, ఇన్వర్టర్లు, వైఫై డబ్బాలు విప్పి పనికొచ్చే బోర్డులు దాచిపెడతారు. ఏ రెండింటిలోనూ ఒకే చిప్పు ఉండదు. నా సంగతి ఫోన్‌లో విని బోర్డులు ఇస్తానన్నారు.

"ఈటిలో లిస్పూ గిస్పూ నడవదు తల్లీ. సి లో రాసి ఇచ్చీ, ఏ బోర్డుకైనా ఎక్కించీగలను. సి ఎరగని చిప్పు నేనైతే చూళ్లేదు."

సి కూడా ప్రోగ్రాములు రాసే భాషే. చాలా పాతది, చాలా చోట్లకు చేరింది. మొదట చేత్తోనే తిరగరాద్దామని కూర్చున్నాను. సగం అయ్యేసరికి అక్క ఇంకో మాట చెప్పేది. లిస్ప్‌లో ఒక వరుస మారితే సి లో ఎన్నో చోట్ల మార్చాల్సి వచ్చేది. ఒకటి మార్చి ఒకటి వదిలేసేదాన్ని. రెండు ప్రోగ్రాములూ ఒకే ఫోటోకు రెండు జవాబులు చెప్పేవి. చివరికి ఒకటి తేల్చుకున్నాను. సి ని నేను రాయకూడదు. నా లిస్ప్ చదివి సి రాసిపెట్టే ప్రోగ్రాము ఒకటి రాయాలి. అలా ఒక భాషను ఇంకో భాషలోకి మార్చిపెట్టేదాన్ని కంపైలర్ అంటారు. ప్రపంచంలో ఇలాంటివి ముందే ఉన్నాయి. తెచ్చి చూశాను. అవి పెద్దవి, సార్ దగ్గరున్న బోర్డులు బుల్లివి. వాటిలో పట్టేంత చిన్నది నేనే చేసుకోవాలి.

పొద్దున అక్క బయలుదేరాక, నా ఆఫీసు పని మొదలయ్యేలోపు రాసేదాన్ని. కరెంటు పోతే కాగితం మీద బొమ్మలు గీసుకునేదాన్ని. అన్నిటికంటే ఎక్కువగా తిప్పలు పెట్టింది జ్ఞాపకం. ప్రోగ్రాములో ఒక్కో పనికి విడిగా రాసుకునే ముక్కను ఫంక్షన్ అంటారు. లిస్ప్‌లో ఒక ఫంక్షన్ లోపల ఇంకో ఫంక్షన్‌ను పుట్టించి బయటికి పంపవచ్చు. అది తను పుట్టిన చోట ఉన్న విలువలను గుర్తుపెట్టుకుని బయటికి వస్తుంది. పైపాయను చూసుకోవడానికి ఒకటి, రెండో పాయకు ఒకటి అని నేను అలాంటివే వాడాను. సి ఫంక్షన్‌కు అలాంటి జ్ఞాపకం ఉండదు. కాబట్టి నా కంపైలర్ ప్రతి ఫంక్షన్‌కూ ఒక చిన్న సంచి కుట్టి ఇచ్చేలా చేశాను. గుర్తుంచుకోవలసినవన్నీ ఆ సంచిలో ఉంటాయి. ఫంక్షన్ ఎక్కడికి వెళ్లినా సంచి పట్టుకునే వెళుతుంది.

ఇంకొకటి ఉంది. మళ్లీ మళ్లీ చేయాల్సిన పని వస్తే లిస్ప్‌లో ఒక ఫంక్షన్ తన పని చివర తనను తానే పిలుచుకుంటుంది. నేను నేర్చుకున్న లిస్ప్‌లో ఎన్నిసార్లు పిలుచుకున్నా భారం పెరగదు. సి లో ఆ హామీ లేదు. పిలుపు పిలుపుకూ కాస్త చోటు పడుతుంది, చిన్న బోర్డులో ఆ చోటు తొందరగా నిండిపోతుంది, అంతా ఆగిపోతుంది. దానికి దారి, ఎవరూ ఎవరినీ పిలవకపోవడమే. ప్రతి ఫంక్షన్ తన పని చేసేసి, తర్వాతి పని ఎవరిదో చెప్పి తప్పుకుంటుంది. మధ్యలో ఆగకుండా తిరుగుతుండే ఒక చిన్న లూపు ఆ మాట విని, వాళ్లకు పని అప్పజెబుతుంది. వాళ్లూ చెప్పి తప్పుకుంటారు. ఇలా వానాకాలమంతా తిరిగినా చోటు పెరగదు. ఈ ఉపాయం నేను కనిపెట్టింది కాదు, ముందువాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. కానీ నా చేత్తో రాసిన లూపు మొదటిసారి ఆగకుండా తిరిగిన పొద్దున నేను కుర్చీలోంచి లేచి దొడ్లోకి వెళ్లి కాసేపు ఊరికే నిలబడ్డాను.

మొదటి సి ఫైలు పూర్తిగా వచ్చిన రోజు దాన్ని తెరిచి చూశాను. నేను లిస్ప్‌లో రాసిన బ్రాకెట్ల వరుస ఎక్కడా కనిపించలేదు. నేను పెట్టిన పేర్లు లేవు. అంకెలు తోక తగిలించుకున్న పొట్టి పేర్లున్నాయి. ఒక్కో వరుసలో ఒక్కో చిన్న పని, అలా ఎంత కిందికి పోయినా అయిపోని వరుసలు. పొద్దుగాల దంచిన వాన గురించి అక్క చెప్పిన మాట ఎక్కడుందో వెతికాను. దొరకలేదు. అది ముక్కలై ఫైలంతా పరుచుకుని ఉంది. దాన్ని లాప్‌టాప్‌లోనే నడిపి, మితానిన్ పంపిన ఫోటోల అంకెలన్నీ ఇచ్చాను. ఒక్కో ఫోటోకూ లిస్ప్ చెప్పిన జవాబే ఇదీ చెప్పింది. వెలగాల్సిన చోట వెలగమంది, వద్దన్న చోట వద్దంది. అంతగా చెదిరిపోయిన మాట చెడిపోకుండా ఎలా ఉండగలిగిందో, దాన్ని చెదరగొట్టిన నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఆఫీసుకు సెలవు పెట్టి బస్సెక్కాను. బీజాపూర్, గీదం, దంతెవాడ మీదుగా బచేలీ. సార్ కళ్లద్దాలు తుడుచుకుని నా సి ఫైలు చదవడం మొదలుపెట్టారు.

"ఏటిది తల్లీ, మనిషన్నోడు ఇలాగ రాస్తాడేటి?" అన్నారు.

"మనిషి రాయలేదు సార్. నేను రాసిన ప్రోగ్రాము రాసింది."

"తప్పయితే ఎక్కడా కనబడ్డం లేదు. కానీ ఎవరో రాసింది చదువుతున్నట్టు లేదు."

బోర్డులు ఒక్కొక్కటే తీసి ఎక్కించి, ఫోటోల అంకెలు ఇచ్చి చూశారు. రెండు వెంటనే పనిచేశాయి. పాత మీటర్లోంచి తీసిన మూడోది మాత్రం వాగు పెరుగుతుంటే తగ్గుతోందని చెప్పింది. నేను కంగారుపడ్డాను. సార్ చిప్పు మీది అక్షరాలు లెన్సుతో చదివి తల ఊపారు.

"ఇది పాతకాలం చిప్పు. దీనికి మామూలు అంకె అంటే రెండు బైట్లే. నువ్వు ఎత్తుని సెకన్లతో గుణించేసరికి పట్టలేక మైనస్‌లోకి పడిపోతంది. సి అన్ని చోట్లా ఒకటే గానీ, అంకెకిచ్చే చోటు చిప్పుని బట్టి మారిపోతాది."

ఎక్కడికైనా పోగల సి రాయడం అంటే ఏమిటో నాకు అప్పుడు సరిగ్గా తెలిసింది. భాష మాట ఇవ్వనిదేదీ ఉందని అనుకోకూడదు. అంకెకు ఎంత చోటు కావాలో నా కంపైలర్ సి లోనే రాసి చెప్పేలా మార్చి, సి ఫైలును మళ్లీ తీసి ఇచ్చాను. ఈసారి మూడు బోర్డులూ ఒకే జవాబు చెప్పాయి.

"ఎన్ని చోట్ల దిద్దినావు?"

"కంపైలర్‌లో ఒక్క చోటే సార్."

ఆయన ఫైలును పైనుంచి కిందికి జరుపుతూ చూశారు. అంకె కనబడిన ప్రతి చోటా మారిపోయి ఉంది.

"నేనయితే ఇదంతా కూకుని దిద్దేవోణ్ణి," అని మెల్లగా అన్నారు.

భోజనాల దగ్గర ఆయనే అడిగారు. "మరి ఆ కంపైలర్ దేంట్లో రాశావు?"

"లిస్ప్‌లోనే సార్."

"అయితే దాన్ని దానికే ఇచ్చీ. లిస్ప్ అంటే చదువుతాది కదా."

నా కంపైలర్ కూడా ఒక లిస్ప్ ప్రోగ్రామే. దాన్ని అదే చదివి, తనను తానే సి లో రాసుకోగలదా? ఇలా చేస్తారని చదివి ఉన్నాను. నేను చేసిన దానితో అవుతుందని అనుకోలేదు.

వెంటనే కాలేదు. కంపైలర్ రాసేటప్పుడు నేను వాడుకున్న సదుపాయాలు కొన్ని దానికే అర్థం కాలేదు. వాగు ప్రోగ్రాముకు అవసరం లేక అవి నేను దానికి నేర్పలేదు. సెలవు పెంచుకుని వాళ్లింట్లోనే ఉండి, ఒక్కొక్కటీ నేర్పుకుంటూ వచ్చాను. ఒక మధ్యాహ్నం చివరికి అది తనను తాను పూర్తిగా చదివి, ఒక సి ఫైలు రాసి ఆగింది. సార్ దగ్గర ఒక పాత కంప్యూటర్ ఉంది. దానిలో లిస్ప్ అనేది ఎప్పుడూ లేదు. సి ఒక్కటే తెలుసు. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి దానిలోకి ఎక్కించాం. ఇప్పుడు ఆ పాత కంప్యూటర్‌లో సి నుంచి పుట్టిన నా కంపైలర్ ఉంది. దానికి నేను చేత్తో రాసిన కంపైలర్ లిస్ప్‌నే ఇచ్చి, మళ్లీ సి రాయమన్నాను. రాసింది. మొదటి ఫైలునూ రెండో ఫైలునూ పక్కపక్కన పెట్టి, తేడా ఉంటే చూపించే కమాండ్ కొట్టాను.

తెర మీద ఏమీ రాలేదు. ఏమీ రాలేదంటే ఒక్క అక్షరం కూడా తేడా లేదని.

సార్ ఇంకోసారి కొట్టమన్నారు. కొట్టాను. అదే. ఆయన కుర్చీ వెనక్కి జరిపి కిటికీలోంచి గుట్ట వైపు చూస్తూ కూర్చున్నారు.

"నా సర్వీసంతా సి యే అడుగనుకున్నాను తల్లీ. దాని కింద మట్టే అనుకున్నాను. ఇదేమో దాన్ని కాయితంలాగ వాడుకుంటంది."

గదిలో మేమిద్దరం, ఒక పాత ఫ్యాను, మా ఇద్దరిలో ఎవరూ చెప్పకుండానే తన రూపం తాను తప్పులేకుండా ఎరిగి ఉన్న ఒక వస్తువు. గుడిలో కూడా నేను అంత ఒద్దికగా కూర్చున్నట్టు గుర్తులేదు.

సాయంత్రం అక్కకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"అంటే అది తనను తానే కన్నదా?"

"అట్లనే అక్కా."

"మళ్ల ఆ పుట్టింది గూడ దాన్నే కన్నది. అక్షరం తేడా లేకుండ."

"అవును."

"ఎన్నో కాన్పులు చేసిన. ఒక్కటి గూడ అట్ల పుట్టలే. నాకు ఒక తీరు భయమైతాందే," అన్నది. తర్వాత మామూలు గొంతుతో, "సరే, బోర్డులు జాగ్రత్తగ పట్టుకరా. బస్సు మీద పెట్టకు," అన్నది.

వానలు మొదలయ్యేలోపు అన్నీ బిగించాం. పై ఊళ్లో మితానిన్ ఇంటి వెనక ఒకటి, రెండో పాయ దగ్గర ఒకటి, ఉపకేంద్రం వసారాలో ఒకటి. డబ్బాలో ఏముందని మితానిన్ వాళ్ల అత్త అడిగింది. అక్క ఆమెకు దోర్లిలో చెప్పింది. నీ కోడలు ఫోటోలు తీసి పంపింది చూడు, ఆ చూపే ఇందులో పెట్టినం అని. ఆ పెద్దామె డబ్బా మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది.

శ్రావణంలో ఒకరోజు ఉపకేంద్రంలో బ్యాటరీ మార్చడానికి నేనూ వెళ్లాను. ఎండ బాగా కాస్తోంది. టీకాలు వేయించిన తల్లులు పిల్లల్ని ఎత్తుకుని రపటా వైపు బయలుదేరుతున్నారు. అప్పుడు ఎర్రబల్బు వెలిగింది. అక్క సూది పక్కన పెట్టి బయటికి వచ్చి అందరినీ ఆగమంది. కొందరు ఆగారు, కొందరు నవ్వారు. రపటా తెల్లగా ఎండుతోంది. ఒక ట్రాక్టరతను దిగి వచ్చి హిందీలో అడిగాడు.

"నీళ్లెక్కడున్నాయి దీదీ?"

"వస్తున్నాయి భయ్యా. కాసేపు ఆగు," అన్నది అక్క. అని నా వైపు చూసింది. నేను చేసిన తప్పేదైనా అందులో ఉంటే ఈ ఊళ్లో ఇక ఎవరూ ఆమె మాట వినరు. బ్రాకెట్ నుంచి సంచిలోకి, సంచి నుంచి లూపులోకి, ఆ రెండు బైట్ల చిప్పులోకి మనసులో వెంటపడి వెతుకుతున్నాను.

ముందు వాసన వచ్చింది, తడిమట్టి వాసన. తర్వాత పైన మలుపు దగ్గర ఎండుటాకులు, పుల్లలు ఒక వరుసగా కదులుతూ కనబడ్డాయి. వాటి వెనక ఎర్రనీళ్లు, అంత ఎండలో, ఏ తొందరా లేనట్టు వచ్చి రపటా మీదికెక్కాయి. చూస్తుండగానే గుర్తురాళ్లు మునిగాయి. ట్రాక్టరతను తలకు చుట్టుకున్న గమ్ఛా విప్పి మొహం తుడుచుకున్నాడు. పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు నీళ్లను చూడడం మానేసి బల్బును చూస్తున్నారు. నేను కూడా బల్బునే చూస్తున్నాను. వాళ్లకంటే నాకు దాని గురించి ఎక్కువ తెలుసు. అయినా నా చూపుకూ వాళ్ల చూపుకూ తేడా ఉందని ఆ క్షణాన అనిపించలేదు.

అక్క నా పక్కకు వచ్చి నిలబడింది. "నేను చెప్పిన మాటలే గదా అందుల ఉన్నయి," అన్నది చిన్నగా.

"నువ్వు చెప్పినవే అక్కా."

"చూస్తే నా మాట తీరుగ లేదే. ఇంకెవరో చెప్పినట్టుంది."

పొద్దు వాలేసరికి బల్బు ఆరింది. నీళ్లు ఇంకా రపటా అంచులు తాకుతూనే ఉన్నాయి, కానీ తగ్గుతున్నాయి. సిమెంటు మీద పడ్డ గుంటల్లో చేపలు చిక్కుకుని ఎగురుతున్నాయి. తల్లులు పిల్లల్ని అక్క చేతికీ నా చేతికీ ఇచ్చేసి, నవ్వుకుంటూ కొంగుల్లోకి చేపలు ఏరుకున్నారు. ఒకామె పిడికెడు బుడ్డచేపలు ఆకులో చుట్టి మాకూ ఇచ్చింది. ఆ రాత్రి అక్క వాటిని చింతపండు పోసి వండింది.